నాలుగడుగుల జలపాతం

మా కోనసీమలో నీళ్లు పడవు.
పాకుతాయి, నిలుస్తాయి,
వరిమడి గట్టు కింద ఎండ్రకాయ బొరియ వెతుక్కుంటాయి.
ఇంత బల్లపరుపు నేల మీద
చూపించడానికి నాకు దొరికింది ఒక్క లాకు.

పండమ్మ కొత్తగా వచ్చిన నర్సు.
దేవీపట్నానికి ఎగువన ఎక్కడో కొండ కింద ఊరు.
నేను ఆశా కార్యకర్తని, టీకాల పెట్టె నా సైకిలు వెనక.
జ్యేష్ఠంలో ఒక బుధవారం, ధవళేశ్వరంలో నీళ్లొదిలిన మూడో రోజు,
వంతెన మీద సైకిలాపి
"ఇదిగోనండీ, మా జలపాతం" అన్నాను.

ముందు నురగ వచ్చింది.
దాని మీద కొబ్బరి డొక్కలు, మందు సీసా,
ఒంటి చెప్పు, గుర్రపుడెక్క చాప.
ఆ వెనక నీళ్లు
గోడ మీంచి దొర్లి, కింద పడి, లేచి,
ఏమీ జరగనట్టు అమలాపురం వైపు వెళ్లిపోయాయి.
ఆవిడ రాతి మీది అడుగుల గీతలు లెక్కపెట్టింది.
"నాలుగు" అంది. "మా ఊళ్లో దీన్ని మెట్టంటారు."

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది.
వారం రోజులు మాట్లాడలేదు,
పిల్లల లెక్క రాసే పుస్తకం గురించి తప్ప.

శ్రావణంలో నీళ్లు ఎర్రబడ్డాయి.
బిందెలో పటిక తిప్పితే గాని తేరవు.
లస్కరు నాగూరు షట్టర్లు పూర్తిగా ఎత్తేశాడు,
వంతెన మా అరికాళ్లలో వణికింది.
పండమ్మ రేవు దిగి దోసిలి ముంచింది.
నీళ్లు జారిపోయాక మిగిలిన ఒండ్రుని
జ్వరమున్న పిల్ల నుదురు తడిమినట్టు
బొటనవేలితో తడిమింది.
"ఇది మా గట్టుది."
ఎలా తెలుసని అడగలేదు.
చాకలి మూటలో మా అమ్మ చీర నాకూ తెలుస్తుంది.

కార్తీకానికి తేరుకున్నాయి.
గోడ అంచు దాకా గాజులా సాగి
పడ్డాకే తెల్లబడేవి.
సూది పడ్డ చంటిపిల్లల్ని తల్లులు అక్కడికే ఎత్తుకొచ్చేవారు,
ఆ చప్పుడుకి ఏడుపు మర్చిపోతారని.
కొందరు మర్చిపోయేవారు.
బత్తుల వారి మనవడు మాత్రం చప్పుడుకే ఏడ్చేవాడు.

పుష్యంలో మంచు.
లాకు కనపడదు, వినపడుతుంది.
ఆ తర్వాత దాళ్వాకి వంతులు పెట్టారు:
మా వంతు మంగళవారం అర్ధరాత్రితో సరి,
బుధవారం పొద్దుటికి జలపాతం పక్కూరిది.
ఒక రాత్రి శివారు రైతులు కర్రలతో వచ్చి
నాగూరు దగ్గర తాళాలు లాక్కున్నారు.
వాళ్ల చేలు నెర్రెలిచ్చిన మాట నిజం.
అతని కనుబొమ్మ మీద మూడు కుట్లు పండమ్మే వేసింది.
కర్రలు పట్టినవాళ్లలో ఇద్దరి పిల్లలకి
మర్నాడు చుక్కల మందూ ఆవిడే వేసింది.

వైశాఖం. కాలువ కట్టేశారు.
నీళ్లు పడీ పడీ తవ్విన గుంటలో
కుర్రాళ్లు గంపలతో చేపల్ని వెతుకుతున్నారు.
గోడకి పాచి ఎండి పొలుసులు లేచింది.
పండమ్మ ఆ నీళ్లు పడే చోటే కూర్చుని
టిఫిను డబ్బా విప్పింది.

"మా ఊరిప్పుడు కాలనీలో ఉంది, వరసకి పన్నెండిళ్లు.
మంచాలూ మేకలూ లారీలో వచ్చాయి.
జలపాతం అక్కడే ఉంది.
డ్యాము నీళ్లు ఎక్కొస్తే అది ఎండిపోదు తెలుసా,
కింద నించి పొట్టిదైపోతుంది.
పోయిన వరదకి సగం.
మొత్తం నిండితే..."
పచ్చడి అంటిన చెయ్యి ఎత్తి
బొటనవేలు మడిచి చూపించింది.

మెట్టన్న మాట నా నోటి దాకా వచ్చింది.
ఆవకాయ ముక్క అడిగాను.

మళ్లీ జ్యేష్ఠం. ఈసారి ఆదివారం.
"పై లాకు దాటేశాయండీ, బేగా రండి" అని నాగూరు ఫోను.
మేం వెళ్లేసరికి
షట్టరు చక్రం దగ్గర్నించి పక్కకి జరిగి
"మీరు తిప్పండి నర్సమ్మగారూ" అన్నాడు.
చెప్పులు విడిచి, కొంగు దోపి,
ఆవిడ తిప్పింది. బిగుసుకుపోయింది, నేనూ ఓ చెయ్యేశాను.

ముందు నురగ.
దాని మీద ఈసారి రెండు చెప్పులు.
జత కాదు.